గడ్డకట్టే పరీక్ష నార్మల్, కాలిలో మాత్రం రక్తపు గడ్డ: టిష్యూ ఫ్యాక్టర్ కథ

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీ నాన్నగారికి ఎడమ కాలు వాచింది. డాప్లర్ తీయిస్తే లోపలి సిరలో రక్తం గడ్డకట్టినట్టు తేలింది. కారణం వెతుకుతూ పోతే క్లోమంలో క్యాన్సర్ కణితి బయటపడింది. ఆ కణితి నుంచి టిష్యూ ఫ్యాక్టర్ అనే పదార్థం రక్తంలోకి వస్తూ ఉండవచ్చని, గడ్డకు అదే కారణం కావచ్చని ఆంకాలజిస్టు చెప్పారు. రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే ప్రొత్రాంబిన్ టైమ్ (పీటీ), దాన్ని అన్ని ల్యాబుల్లో పోల్చేలా మార్చిన అంకె ఐఎన్‌ఆర్ మాత్రం నార్మల్‌గా వచ్చాయి. రక్తం అతిగా గడ్డకడుతున్న మనిషికి గడ్డకట్టే పరీక్ష నార్మల్‌గా ఎలా వస్తుంది, టిష్యూ ఫ్యాక్టర్‌ను నేరుగా కొలిచే పరీక్ష ఉందా, దాన్నే అడ్డుకునే మందు ఎందుకు ఇవ్వరు, రక్తాన్ని పలుచన చేసే ఎసిట్రోమ్ మాత్రలతో సరిపోయేదానికి రోజూ పొట్టమీద ఇంజెక్షన్లు ఎందుకు అన్నవి మీ ప్రశ్నలు. మొదటిదానికి సమాధానం అర్థమైతే తక్కినవన్నీ దాని వెంటే వస్తాయి కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

ప్రొత్రాంబిన్ టైమ్ కోసం మీ నాన్నగారి రక్తాన్ని లేత నీలం మూత ఉన్న ట్యూబులోకి తీసి ఉంటారు. అందులో ముందే కొద్దిగా సోడియం సిట్రేట్ ద్రవం ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు చొప్పున ఉండే ఆ సిట్రేట్ రక్తంలోని కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది, కాల్షియం అందుబాటులో లేకపోతే రక్తం గడ్డకట్టదు. (ట్యూబును గీత దాకా నింపకపోతే సిట్రేట్ పాలు ఎక్కువై, గడ్డకట్టే సమయం లేనిపోని విధంగా ఎక్కువగా కనిపిస్తుంది. నర్సు రెండోసారి రక్తం అడిగితే విసుక్కోకుండా ఇవ్వడానికి ఇదొక్కటే చాలిన కారణం.) ఆ ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలను అడుగుకు దింపి, పైన తేలిన ప్లాస్మాను తీసుకుని, 37 డిగ్రీల వేడిలో థ్రాంబోప్లాస్టిన్ అనే రియేజెంటును కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డ కట్టిందో చూస్తారు. ఈ థ్రాంబోప్లాస్టిన్‌లో అసలు సరుకు టిష్యూ ఫ్యాక్టరే. దానికి కొన్ని కొవ్వు పదార్థాలు, కాల్షియం జోడించి ఉంటాయి. 1935లో అర్మాండ్ క్విక్ ఈ పరీక్షను రూపొందించినప్పుడు దాన్ని కుందేలు మెదడు నుంచి తీసేవారు. ఇప్పటికీ కొన్ని కిట్లలో కుందేలు మెదడు సారమే ఉంటుంది, మరికొన్నిటిలో ప్రయోగశాలలో తయారుచేసిన మానవ టిష్యూ ఫ్యాక్టర్ ఉంటుంది. ఒక్కో కంపెనీ సరుకుకు ఒక్కో బలం ఉండడం వల్ల ఒకే మనిషి రక్తం ఒక్కో ల్యాబులో ఒక్కో అంకె చూపేది. ఆ తేడాలను సరిచేయడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్‌ఆర్ పద్ధతిని సిఫారసు చేసింది.

అంటే ఆ పరీక్షలో టిష్యూ ఫ్యాక్టర్‌ను మనమే, రక్తంలో ఎన్నడూ కనిపించనంత మోతాదులో, బయటినుంచి పోస్తున్నాం. అలా పోసిన తరువాత రోగి సొంత రక్తంలో అది అణుమాత్రం ఉందా, దానికి పదింతలు ఉందా అన్నది ఫలితంలో తెలియదు. ఆ పరీక్ష కొలిచేది, నిప్పు అంటించిన తరువాత మందుగుండు సరిగా ఉందా లేదా అన్నది మాత్రమే. అంటే గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లైన ఏడు, పది, అయిదు నంబర్ల కారకాలు, ప్రొత్రాంబిన్, ఫైబ్రినోజెన్ తగినంత ఉన్నాయా అన్న విషయం. నిప్పు ఎక్కడెక్కడ అంటుకుంటోందో అది చెప్పదు. కాబట్టి మీ నాన్నగారి పీటీ నార్మల్‌గా రావడంలోనూ, కాలిలో గడ్డ ఉండడంలోనూ పరస్పర విరుద్ధం ఏమీ లేదు.

ఇక టిష్యూ ఫ్యాక్టర్ విషయానికి వస్తే, గడ్డకట్టే ప్రక్రియలో పాల్గొనే ఇతర ప్రోటీన్లకూ దీనికీ స్వభావంలోనే తేడా ఉంది. ప్రొత్రాంబిన్, ఫైబ్రినోజెన్, ఏడో కారకం, పదో కారకం ప్రధానంగా కాలేయంలో తయారై, పనిలేకుండా రక్తంలో తిరుగుతూ ఉంటాయి. టిష్యూ ఫ్యాక్టర్ అలా తిరిగేది కాదు. అది కణత్వచంలో గుచ్చుకుని ఉండే ప్రోటీన్. దాని 263 అమైనో ఆమ్లాల్లో 219 కణం వెలుపలికి చాచుకుని ఉంటాయి, 23 త్వచంలో ఇమిడి ఉంటాయి, మిగిలిన 21 కణం లోపల ఉంటాయి. తక్కిన కారకాల్లాగా దీన్ని ముక్క కోసి చైతన్యపరచవలసిన అవసరం కూడా లేదు. అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. రక్తనాళాల బయటి పొరలో, చర్మంలో, శ్వాసనాళాల, పేగుల పైపొరల్లో, మెదడులో, ఊపిరితిత్తుల్లో, గుండె కండరంలో, గర్భిణుల మాయలో ఇది సమృద్ధిగా ఉంటుంది. రక్తాన్ని నిత్యం తాకుతూ ఉండే రక్తనాళపు లోపలి పొరలో మాత్రం ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది దాదాపు కనిపించదు. 1989లో డ్రేక్, మోరిసే, ఎడ్జింగ్‌టన్ శరీర కణజాలాలన్నిటిలో దీని ఉనికిని వరుసగా పరిశీలించి, ఇది రక్తనాళాల చుట్టూ, అవయవాల చుట్టూ ఒక కవచంలా పరుచుకుని ఉందని చూపారు. నాళం తెగి రక్తం బయటికి వచ్చినప్పుడే రెండూ కలుస్తాయి. ఆ అమరికను గమనిస్తే, హీమోఫిలియా (ఎనిమిదో లేదా తొమ్మిదో కారకం పుట్టుకతో లోపించే జబ్బు) రోగుల్లో రక్తస్రావం మోకాళ్లలోనూ, మోచేతుల్లోనూ, కండరాల్లోనూ ఎందుకు పదేపదే అవుతుందో కూడా కొంత అర్థమవుతుంది. కీళ్లలో, అస్థి కండరాల్లో టిష్యూ ఫ్యాక్టర్ చాలా తక్కువ.

రక్తం తగిలిన క్షణంలో జరిగేది ఇది. రక్తంలోని ఏడో కారకంలో సుమారు ఒక శాతం ముందే చైతన్య స్థితిలో తిరుగుతూ ఉంటుంది, అయితే ఒంటరిగా అది చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. టిష్యూ ఫ్యాక్టర్‌తో జతకూడగానే దాని వేగం వేల రెట్లు పెరిగి, పదో కారకాన్నీ తొమ్మిదో కారకాన్నీ కోసి చైతన్యపరుస్తుంది. తొమ్మిదో కారకాన్ని కూడా ఇదే జంట చైతన్యపరుస్తుందని 1977లో ఓస్టెరుడ్, రాపాపోర్ట్ చూపడం చిన్న విషయం కాదు. అంతవరకు, 1964లో మెక్‌ఫార్లేన్ ఒకవైపు, డేవీ, రాట్నాఫ్ మరోవైపు వేసిన మెట్లవరుస బొమ్మను ఆధారం చేసుకుని, గడ్డకట్టడానికి లోపలి దారి, బయటి దారి అని రెండు వేరువేరు దారులు ఉన్నాయని విద్యార్థులు బట్టీపట్టేవారు. ల్యాబ్ పరీక్షలను అర్థం చేసుకోవడానికి ఆ బొమ్మ ఇప్పటికీ పనికొస్తుంది గానీ శరీరంలో జరిగేదాన్ని అర్థం చేసుకోవడానికి అడ్డు వస్తుందని నా అభిప్రాయం. లోపలి దారి మొదటి మెట్టైన పన్నెండో కారకం పుట్టుకతో లేనివారికి రక్తస్రావమే కాదన్న ఒక్క వాస్తవం ఆ బొమ్మ పరిమితిని చెబుతుంది.

టిష్యూ ఫ్యాక్టర్ జంట పుట్టించే పదో కారకం మొదట చాలా కొద్దిపాటి త్రాంబిన్‌నే (ప్రొత్రాంబిన్‌కు చైతన్య రూపం, ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మార్చేది) తయారుచేస్తుంది. అంతలోనే టీఎఫ్‌పీఐ అనే నిరోధక ప్రోటీన్ వచ్చి, ఆ జంటనూ పదో కారకాన్నీ కలిపి కట్టిపడేస్తుంది. కానీ ఆ కాస్త త్రాంబిన్ అప్పటికే ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి, అయిదు, ఎనిమిది, పదకొండు నంబర్ల కారకాలను మేల్కొలిపి ఉంటుంది. ఆ తరువాత పని ప్లేట్‌లెట్ల ఉపరితలం మీదికి మారుతుంది. అక్కడ ఎనిమిది, తొమ్మిది కారకాలు జతకట్టి పదో కారకాన్ని పెద్ద ఎత్తున చైతన్యపరిస్తేనే ఫైబ్రిన్ వల అల్లుకునేంత త్రాంబిన్ వస్తుంది. హీమోఫిలియా ఉన్నవారిలో టిష్యూ ఫ్యాక్టర్ చక్కగానే ఉన్నా రక్తం ఆగకపోవడానికి కారణం ఇదే. ప్రారంభం జరుగుతుంది, కొనసాగింపు ఉండదు. ప్రారంభాన్ని అంత తొందరగా కట్టిపడేసే టీఎఫ్‌పీఐనే అడ్డుకుంటే ఏమవుతుందన్న ఆలోచన నుంచి పుట్టిన మందులే కాన్సిజుమాబ్, మార్‌స్టాసిమాబ్. ఎనిమిదో, తొమ్మిదో కారకం లేని లోటును అవి వేరే వైపు నుంచి పూడుస్తున్నాయి.

ఈ సందర్భంలో మన పొలాల్లోని రక్తపింజరను ప్రస్తావించకుండా ఉండలేను. దాని విషంలోని ఎంజైములు అయిదు, పది కారకాలను నేరుగా చైతన్యపరుస్తాయి, అంటే టిష్యూ ఫ్యాక్టర్ అవసరం లేకుండానే ప్రక్రియను నడిపిస్తాయి. దాంతో రక్తనాళాల్లో ఫైబ్రినోజెన్ అంతా ఖర్చయిపోయి, చివరికి గడ్డకట్టడానికి ఏమీ మిగలక, చిగుళ్లనుంచి, మూత్రంలో రక్తం పోతుంది. ఆస్పత్రిలో చేసే ఇరవై నిమిషాల పరీక్షలో, శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసిన రక్తాన్ని కదపకుండా ఉంచి, ఆ గడువు ముగియగానే ఒకసారి వంచి చూస్తారు. అక్కడ టిష్యూ ఫ్యాక్టర్ ఎవరూ కలపరు. గాజు తగలడం వల్లే పన్నెండో కారకం మేల్కొని రక్తం గడ్డకట్టాలి, అందుకే ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు. ఇదే విషాన్ని పలుచగా కలిపి హీమోఫిలియా రోగుల గాయాలపై పూసి రక్తం ఆపవచ్చని మెక్‌ఫార్లేన్, బార్నెట్ 1934లోనే చూపారు.

ఇప్పుడు మీ నాన్నగారి కణితి సంగతి. క్యాన్సర్ ఉన్నవారి సిరల్లో రక్తం గడ్డకడుతుందని పారిస్ వైద్యుడు అర్మాండ్ ట్రూసో 1865లో తన ఉపన్యాసంలో వివరించారు. కొంతకాలానికి తన సిరలోనే గడ్డ కనిపించగా తన కడుపులో ఉన్నది క్యాన్సరేనని ఆయన నిర్ధారించుకున్నారు, 1867లో ఆ జబ్బుతోనే మరణించారు. ఇలాంటి గడ్డలు అత్యధికంగా కనిపించే క్యాన్సర్లలో క్లోమానిది ముందు వరుస. అక్కడి కణితి కణాలు టిష్యూ ఫ్యాక్టర్‌ను తమ ఉపరితలం మీద దండిగా తయారుచేసుకుంటాయి. కణాన్ని క్యాన్సర్ వైపు నెట్టే కేఆర్‌ఏఎస్, పీ53 జన్యుమార్పులే టిష్యూ ఫ్యాక్టర్ ఉత్పత్తినీ పెంచుతాయని పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో చూపారు. క్లోమ క్యాన్సర్లలో అత్యధిక భాగంలో కేఆర్‌ఏఎస్ మార్పు ఉంటుంది. ఆ కణాల నుంచి అతి సన్నని బుడగలు రాలి రక్తంలో కలుస్తాయి. వాటి గోడల మీద టిష్యూ ఫ్యాక్టర్ ఉంటుంది, పైగా ఫాస్ఫాటిడిల్‌సెరిన్ అనే కొవ్వు పదార్థం వెలుపలికి తిరిగి ఉంటుంది. మామూలు కణాల్లో ఈ కొవ్వు త్వచం లోపలివైపుకే పరిమితమై ఉంటుంది కాబట్టి టిష్యూ ఫ్యాక్టర్ ఉన్నా నిద్రాణంగా ఉంటుంది. కణం దెబ్బతిని ఆ కొవ్వు బయటికి తిరిగినప్పుడే దానికి పూర్తి బలం వస్తుంది. అలా గాయం దగ్గర మాత్రమే ఉండవలసిన వస్తువు ప్రవాహంలో తిరుగుతూ, రక్తం నెమ్మదిగా నడిచే పిక్క సిరల్లాంటి చోట గడ్డకు బీజం వేస్తుంది. టిష్యూ ఫ్యాక్టర్ జంట కణానికి సంకేతాలు పంపి కణితి పెరుగుదలకూ, దానికి కావలసిన కొత్త రక్తనాళాలకూ తోడ్పడుతుందన్న ఆధారాలు కూడా ఉన్నాయి. అంటే గడ్డ కేవలం క్యాన్సర్ పక్కన జరిగే ప్రమాదం కాదు.

అయితే మీ ఆంకాలజిస్టు 'కావచ్చు' అనడం సరైన మాటే. మంచం పట్టడం, కీమోథెరపీ, ఛాతీలో పెట్టిన లైను, కణితి సిరను నొక్కడం, ఇవన్నీ గడ్డకు దోహదం చేస్తాయి. ఒక వ్యక్తిలో ఏ పాలు దేనిదో తేల్చిచెప్పే సాధనం లేదు. మీ రెండో ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. రక్తంలోని టిష్యూ ఫ్యాక్టర్‌ను, లేదా ఆ బుడగల చురుకుదనాన్ని కొలిచే పద్ధతులు పరిశోధనశాలల్లో ఉన్నాయి గానీ, అవి ఒక ల్యాబు నుంచి ఇంకో ల్యాబుకు పోలిక లేనివి. చికిత్సను మార్చగల స్థాయికి ఏదీ రాలేదు. ఎవరైనా అలాంటి పరీక్షను ఖరీదుకు అమ్మజూపితే తీసుకోవద్దు. మీ నాన్నగారి విషయంలో పనికొచ్చే అంకెలు ప్లేట్‌లెట్ల సంఖ్య, హిమోగ్లోబిన్, తెల్ల కణాలు, ఫైబ్రినోజెన్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్. డీ-డైమర్ (గడ్డ కరిగేటప్పుడు వచ్చే ఫైబ్రిన్ ముక్కల కొలత) ఎక్కువగా వస్తుంది, రావాలి కూడా, దాన్ని చూసి కొత్తగా భయపడనక్కరలేదు. కీమోథెరపీ మొదలుపెట్టేవారిలో గడ్డ ప్రమాదాన్ని అంచనా వేసే ఖొరానా స్కోరులో క్లోమ, జఠర క్యాన్సర్లకు ఆ స్థానం ఒక్కదానికే రెండు మార్కులు వేస్తారంటే ఆ అవయవాల స్వభావం ఎంత బలమైనదో ఊహించవచ్చు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. క్లోమం తలభాగంలోని కణితి పైత్యరసనాళాన్ని నొక్కితే పచ్చకామెర్లు వస్తాయి. పైత్యరసం పేగులోకి చేరకపోతే కె విటమిన్ ఒంటికి పట్టదు. అది లేకపోతే రెండు (అంటే ప్రొత్రాంబిన్), ఏడు, తొమ్మిది, పది కారకాలు సరిగా తయారుకావు, అప్పుడు పీటీ పెరుగుతుంది. అలా పెరిగిన పీటీని చూసి, రక్తం పలుచగానే ఉంది, ఇక గడ్డ కట్టదులే అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండడం నేను తరచుగా చూస్తుంటాను. అది పొరపాటు. ఆ కణితి టిష్యూ ఫ్యాక్టర్‌ను వదులుతూనే ఉంటుంది, పీటీ పెరిగిన మనిషిలో కూడా కొత్త గడ్డలు కడతాయి.

ఇతర జబ్బుల్లో దీని పాత్రను క్లుప్తంగానే చెబుతాను. గుండెపోటులో, ధమని గోడలో పేరుకున్న కొవ్వు గడ్డ లోపల టిష్యూ ఫ్యాక్టర్ నిల్వ ఉంటుంది, దాని పైపొర చిట్లగానే రక్తం దాన్ని తాకి నిమిషాల్లో ధమని మూసుకుపోతుంది. తీవ్రమైన సెప్సిస్‌లో బ్యాక్టీరియా విషాలు తగిలిన మోనోసైట్లు, అంటే రక్తంలోనే తిరిగే ఒక జాతి తెల్ల కణాలు, తమ మీద దాన్ని మొలిపించుకుంటాయి. అప్పుడు సూక్ష్మ రక్తనాళాలన్నిటిలో గడ్డలు కట్టి, ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ ఖర్చయిపోయి, అదే మనిషికి సూది గుచ్చిన చోటల్లా రక్తం కారుతుంది. డీఐసీ అని పిలిచే ఈ స్థితిలో పీటీ పెరుగుతుంది గానీ అది టిష్యూ ఫ్యాక్టర్‌ను కొలిచినందుకు కాదు, కారకాలు అయిపోయినందుకు. ప్రసవానికి ముందే మాయ విడిపోయినప్పుడు, తలకు బలమైన గాయమైనప్పుడు కూడా ఇదే జరగగలదు. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఆట్రా అనే మందు క్యాన్సర్ కణాల్లోని టిష్యూ ఫ్యాక్టర్‌ను తగ్గించడం వల్ల రక్తస్రావాలు కొద్దిరోజుల్లోనే అదుపులోకి రావడం, నా దృష్టిలో, ఈ సిద్ధాంతానికి వార్డులో దొరికే బలమైన నిదర్శనం.

మరి దాన్నే నేరుగా ఎందుకు అడ్డుకోరు? అది పూర్తిగా లేకుండా చేసిన ఎలుకలు గర్భంలోనే చనిపోతాయని 1996లో వెలువడిన పరిశోధనలు చూపాయి. తక్కిన కారకాల్లో చాలావాటి విషయంలో పుట్టుకతో లేనివారు కనిపిస్తారు, దీని విషయంలో అలా కనిపించరు. సెప్సిస్ రోగులకు టీఎఫ్‌పీఐని మందుగా ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2003లో వచ్చాయి, మరణాలు తగ్గలేదు, రక్తస్రావాలు పెరిగాయి. అడ్డుకోవడానికి బదులు దాన్ని గుర్తుగా వాడుకునే ప్రయత్నం మాత్రం ఫలించింది. టిష్యూ ఫ్యాక్టర్‌ను వెతికి పట్టుకునే యాంటీబాడీకి కణాన్ని చంపే మందును తగిలించిన టిసోటుమాబ్ వెడోటిన్‌ను అమెరికాలో 2021లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆమోదించారు. కంటి ఉపరితలం మీద దుష్ప్రభావాలు ఉండడం వల్ల దాన్ని కంటి పరీక్షలతో పాటు వాడాలి. క్లోమ క్యాన్సర్‌కు అది ప్రామాణిక చికిత్స కాదు.

అందుకే మనం మూలాన్ని వదిలి, దాని దిగువన ఉన్న పదో కారకాన్నీ త్రాంబిన్‌నూ అదుపు చేస్తాం. మీ నాన్నగారికి పొట్టమీద ఇస్తున్న లో మాలిక్యులర్ వెయిట్ హెపారిన్ ఆ పని చేస్తుంది. రక్తనాళపు గోడలకు అంటుకుని ఉన్న టీఎఫ్‌పీఐని రక్తంలోకి విడుదల చేయడం దాని రెండో గుణం. క్యాన్సర్‌తో పాటు గడ్డ ఉన్న 676 మందిలో అదే జాతి డాల్టెపారిన్ ఇంజెక్షన్‌ను వార్ఫరిన్ జాతి మాత్రలతో పోల్చిన అధ్యయనం 2003లో వెలువడింది. ఆరు నెలల్లో మళ్లీ గడ్డ కట్టినవారు మాత్రల పక్షాన సుమారు 17 శాతం ఉండగా, ఇంజెక్షన్ పక్షాన సుమారు 9 శాతమే. ఎసిట్రోమ్ ఆ మాత్రల జాతిదే. సరిగా తినలేకపోవడం, వాంతులు, యాంటీబయాటిక్‌లు, కాలేయం పనితీరు, వీటిలో ఏది మారినా ఐఎన్‌ఆర్ అటూఇటూ పోతుంది, కీమోథెరపీ తీసుకుంటున్న మనిషిలో ఇవి వారానికొకసారి మారతాయి. అపిక్సాబాన్, రివరాక్సాబాన్, ఎడాక్సాబాన్ మాత్రలు ఇప్పుడు చాలామందికి ఇంజెక్షన్‌కు బదులుగా ఇస్తున్నారు, కానీ కణితి కడుపు లేదా పేగు లోపలి గోడను తాకి ఉంటే కొన్నిటితో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. మీ నాన్నగారి కణితి ఆంత్రమూలంలోకి (చిన్నపేగు మొదటి భాగంలోకి) చొచ్చుకుపోయిందా అన్నది సీటీ స్కాన్ రిపోర్టులో ఉంటుంది, మాత్రలకు మారవచ్చా అని అడిగేటప్పుడు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

ఇంజెక్షన్ మీద ఉన్నప్పుడు కూడా పీటీ, ఐఎన్‌ఆర్ నార్మల్‌గానే వస్తాయి. ఆ రియేజెంటులో హెపారిన్‌ను నిర్వీర్యం చేసే పదార్థాన్ని సాధారణంగా ముందే కలిపి ఉంచుతారు. మందు పనిచేయడం లేదని అనుకుని మోతాదు పెంచవద్దు, మానవద్దు. క్యాన్సర్ చురుకుగా ఉన్నంతకాలం, తక్కువలో తక్కువ మూడు నుంచి ఆరు నెలలు, ఈ చికిత్స కొనసాగుతుంది. ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తగ్గినా, క్రియాటినిన్ పెరిగినా, మలం నల్లగా వచ్చినా ఆ రోజు ఇంజెక్షన్ ఇచ్చే ముందే డాక్టరుకు ఫోన్ చేయండి. బయాప్సీ గానీ, పైత్యరసనాళంలో స్టెంట్ గానీ నిర్ణయమైతే చివరి డోసును సాధారణంగా 24 గంటల ముందే ఇచ్చి ఆపుతారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని ఇంటికి వెళ్లండి.